మూకుడు ఎక్కని వడలు - ఫలాఫెల్

సాయంకాలం ఆఫీసు నుండి ఇల్లు చేరి కాళ్ళు కడుగుకొనే వేళకు వీధి మొగలో అంగడి నుండి వడల వాసన వస్తే ఎవరికి నోరు ఊరదు? ఇక్కడ బెంగుళూరులో కన్నడంవారు అంబొడె అంటారు, తమిళులు పరుప్పు వడై అంటారు, మనం మసాలా వడ అంటాము. పేరు ఏదైనా సరుకు ఒక్కటే. నానిన శనగపప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, కాగిన నూనె.

మా అత్తగారికి వడలంటే ప్రాణం. ఆమెకు డెబ్బది రెండేండ్లు. రెండేండ్ల క్రిందట గుండె జబ్బు చేసినప్పటి నుండి నూనెలో వేయించినవి ముట్టరాదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆమె ఎన్నడూ పైకి ఏమీ అనలేదు. కాని ఉగాదినాడు అందరి విస్తళ్ళలోను వడలు పడి, తన విస్తరి దగ్గర మాత్రం వడ్డించేవారు ఆగకుండా సాగిపోయినప్పుడు ఆమె తల వంచుకొని అన్నం కలుపుకోవడం నేను చూశాను. అందుకే ఈ వంట జోలికి పోయాను. పోయి మొదట ఒక పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు మీరెవ్వరూ చేయకూడదని, ఆ పైన కుదిరిన పద్ధతి మీకు చెప్పవలెనని ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

కువైటు నుండి వచ్చిన మాట

మా మరిది ఎనిమిదేండ్లుగా కువైటులో ఉద్యోగం చేస్తున్నాడు. కడప జిల్లా నుండి, గోదావరి జిల్లాల నుండి అక్కడికి పోయినవారు ఎందరో ఉన్నారు గదా, వారితో కలిసి ఒక ఇంట్లో ఉంటాడు. పోయిన ఏడు సెలవుకు వచ్చినప్పుడు తల్లి విస్తరి చూసి అతడే ఈ మాట ఎత్తాడు.

"వదినా, అక్కడ ఈజిప్టువాళ్ళ అంగట్లో ఫలాఫెల్ అని అమ్ముతారు. అచ్చం మన మసాలా వడే. బీన్సుతో చేస్తారు. నూనెలో వేయించకుండా ఓవెనులో కాల్చిన రకం కూడా ఉంటుంది. అమ్మకు అది చేసి పెట్టకూడదూ?"

ఫలాఫెల్ అనే పేరు నేను వినడం అదే మొదలు కాదు. ఇప్పుడు మన నగరాల్లో పెద్ద హోటళ్ళలోను, చిన్న బళ్ళ మీదను కూడా అమ్ముతున్నారు. కాని అది ఏమిటో, ఎక్కడిదో సరిగా తెలిసికొన్నది మాత్రం ఆ తరువాతనే.

అది పడమటి ఆసియా దేశాలలోను, ఈజిప్టులోను సామాన్య జనం ఆహారం. ఈజిప్టులో దీన్ని తామియా అంటారు. అక్కడ ఎండిన ఫూల్ గింజల పప్పును నానవేసి, దానిలో కొత్తిమీర, పార్స్లీ ఆకు, ఉల్లికాడలు దండిగా వేసి రుబ్బుతారు. అందువల్ల విరిచి చూస్తే లోపల పచ్చగా ఆకు రంగు కనబడుతుంది. అక్కడి కాప్టిక్ క్రైస్తవులకు మాంసం, పాలు, గుడ్లు మానవలసిన ఉపవాస దినాలు ఏడాదిలో చాలా ఉన్నవి. ఆ రోజుల్లో ఈ తామియా వారికి పెద్ద ఆధారం. లెబనాను, సిరియా, పాలస్తీనా, జోర్డాను దేశాలలో ఫూల్ గింజలకు బదులు కాబూలీ శనగలు వాడతారు; లెబనానులో కొందరు రెండూ కలుపుతారు. ముద్దను చేతితో కాక ఒక చిన్న లోహపు అచ్చుతో ఒత్తుతారట. మీట వదలగానే బిళ్ళ జారి నూనెలో పడుతుంది. దాన్ని పల్చని రొట్టె సంచిలో పెట్టి, నువ్వుల ముద్ద పోసి, ఊరవేసిన ముల్లంగి వంటి దుంపల ముక్కలు నంచుకొని తింటారు.

చూశారా! పప్పు నానవేయడం, ఉడికించకుండా పచ్చిగా రుబ్బడం, ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర, ధనియాలు వేయడం, బిళ్ళ చేసి వేయించడం - మన వడకూ దీనికీ పెద్ద తేడా లేదు. మన అలసంద వడలు, పెసర గారెలు అన్నీ ఈ కుటుంబంలోనివే.

నేను చేసిన తప్పు

మరిది "బీన్సు" అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గర వచ్చింది చిక్కు. అతడు తిన్నది ఫూల్ గింజలతో చేసినది. ఇంగ్లీషులో దానికీ బీన్సు అనే పేరే. మా ఇంట్లో బీన్సు గింజలంటే రాజ్మా. డబ్బాలో అరకిలో రాజ్మా ఉన్నది. మాంసకృత్తులు బాగా ఉన్న గింజ, బలానికి మంచిదని అందరూ చెప్పేదే. ఇంకేమి కావాలి అనుకొన్నాను.

శనివారం ఉదయం ఆఫీసుకు పోతూ నానవేశాను. మధ్యాహ్నం వచ్చి నీళ్ళు వంచి, శనగపప్పు రుబ్బినట్లే పచ్చిగా రుబ్బి, బిళ్ళలు చేసి, చిన్న కరెంటు ఓవెనులో ఇరవై నిమిషాలు పెట్టాను. పైన ఎర్రబడినవి. లోపల కొంచెం మెత్తగా, పచ్చివాసనగా ఉన్నమాట నిజమే. కొత్త వంట కదా, ఇలాగే ఉంటుంది కాబోలు అనుకొన్నాను. అత్తగారు ఎంతో సంతోషంగా రెండు తిన్నారు. మరిది నాలుగు, మా అబ్బాయి అయిదు. నేను ఒక్కటి తిన్నాను.

రెండు గంటలు గడవలేదు. మొదట అబ్బాయికి వాంతులు మొదలైనవి, తరువాత మరిదికి, ఆ వెంటనే అత్తగారికి. ఆటో పిలిపించి ముగ్గురినీ దగ్గరలోని ఆసుపత్రికి తీసుకొని పోయాము. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ ఏమి తిన్నారని అడిగింది. చెప్పాను.

"రాజ్మా ఉడికించారా?" అన్నది.

"లేదమ్మా, రుబ్బి కాల్చాను" అన్నాను.

ఆమె ఏమీ కోపపడలేదు. సెలైను పెట్టించి, పిల్లవాణ్ణి, మరిదిని అర్ధరాత్రికి ఇంటికి పంపింది. అత్తగారిని మాత్రం గుండె జబ్బు మనిషి అని తెల్లవార్లు ఉంచుకొన్నది. ఆ రాత్రి ఆమె మంచం పక్కన బల్ల మీద కూర్చొని నేను పడ్డ బాధ ఇక్కడ వ్రాయను. నూనె వల్ల చెరుపు కలుగుతుందని వడ మానిపించి, నా చేతులతో ఇంకొక చెరుపు పెట్టినదాన్ని అయ్యాను గదా! తెల్లవారి ఆమె కళ్ళు తెరచి, "అమ్మాయీ, పిల్లవాడు ఎట్లా ఉన్నాడు?" అని అడిగారు. వడల మాట ఎత్తలేదు.

రాజ్మా సంగతి

తరువాత తెలిసికొన్నది ఇది. పచ్చి రాజ్మా గింజలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థం ఉన్నది. అది లెక్టిన్ల జాతికి చెందిన ఒక మాంసకృత్తి. ఎర్ర రాజ్మాలో చాలా ఎక్కువ. నాలుగైదు పచ్చి గింజలు కడుపులోకి పోయినా చాలును. ఒకటి నుండి మూడు గంటలలోగా వికారం, వాంతులు, ఆ తరువాత విరేచనాలు పట్టుకొంటాయి. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, సన్నని వేడి దీనికి చాలదు. మరిగే నీటిలో ఉడికితేనే ఆ పదార్థం నశిస్తుంది. మరుగు పట్టని కొద్దిపాటి వేడిలో సగం ఉడికితే దాని చెరుపు తగ్గక, పచ్చి గింజకంటె హెచ్చు కావడం కూడా ఉన్నదని పరిశోధకులు చూపారు. నా ఓవెనులో జరిగింది అదే. బయట కాలి లోపల మగ్గీమగ్గకుండా ఉండిపోయింది.

కాబట్టి రాజ్మాను కనీసం అయిదు గంటలు నానవేయవలెను. రాత్రంతా నానితే మరీ మంచిది. ఆ నీళ్ళు పారబోయవలెను. కొత్త నీళ్ళు పోసి తెర్లుతూ ఉండగా అరగంట ఉడికించవలెను. ఆ మీద మెత్తబడేదాకా ఎంత సేపైనా ఉడికించుకోవచ్చును. కుక్కరులో పెట్టేవారికి ఈ చిక్కు లేదు, కుక్కరు వేడి మరిగే నీటికంటె ఎక్కువ కనుక. నానిన పచ్చి రాజ్మాను రుబ్బి వడలు చేయడం మాత్రం ఎన్నటికీ కూడదు.

మరి శనగలు, మినుములు, పెసలు, అలసందలు మనం పచ్చిగా రుబ్బడం లేదా అని మీరు అడుగవచ్చును. నేనూ అదే అడిగాను. అవి మన దేశంలో వేల ఏండ్ల నుండి పండుతూ మన అవ్వల, తాతమ్మల చేతుల మీదుగా వచ్చిన గింజలు. ఏది రుబ్బవచ్చునో, ఏది ఉడికించవలెనో వారు అనుభవం మీద తేల్చి పెట్టారు. వీటిలో ఆ పదార్థం రాజ్మాలో ఉన్నంత బలంగా లేదు. పైగా పల్చని వడగా కాలేటప్పుడు లోపలిదాకా ఉడుకుతుంది. రాజ్మా అట్లా కాదు. అది అమెరికా ఖండాల గింజ. కొలంబసు ఆ దేశాలు చూచిన తరువాతనే, అంటే 1492 తరువాతనే, మిగిలిన ప్రపంచానికి వచ్చింది. మనం కూరకు తరిగే బీన్సు కాయ, ఈ రాజ్మా ఒకే జాతి మొక్కవి. మా అత్తగారి పుట్టింట గాని, అత్తింట గాని రాజ్మా వండే వాడుక లేదు. అందుచేత దాన్ని గురించి హెచ్చరించే పెద్దలు మన వంటింట్లో లేకపోయారు. రాజ్మా అలవాటైన పంజాబువారిని, కాశ్మీరువారిని అడిగి చూడండి. రాత్రి నానవేసి, మర్నాడు మెత్తగా ఉడికించనిదే ముట్టరు.

మనకు జనవరిలో దండిగా దొరికే అనపగింజలకు కూడా ఈ జాగ్రత్త అవసరమే. పితికిన పప్పు కూర చేసినప్పుడు బాగా ఉడికిస్తాము గనుక ఏ బాధా లేదు. ఎండు అనపలను పచ్చిగా రుబ్బి ప్రయోగాలు చేయవద్దు.

ఇక ఈజిప్టువారి ఫూల్ గింజ. ఉత్తరాదిన దీన్ని బాకలా అంటారు. అది అందరికీ సరిపడదు. జీ సిక్స్ పీ డీ అనే ఎంజైము లోపం కొందరికి పుట్టుకతో వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. అటువంటివారు ఈ గింజ తింటే రక్తకణాలు విచ్ఛిన్నమై ఒళ్ళు పాలిపోవడం, కామెర్లు, మూత్రం నల్లగా రావడం జరుగుతుంది. అది ప్రమాదకరం. ఇంట్లో ఎవరికైనా ఆ లోపం ఉన్నదని డాక్టరు చెప్పి ఉంటే ఈ గింజ ఇంటికే తేవద్దు.

మిగిలింది కాబూలీ శనగ. అది మనకు తెలిసిన శనగకు పెద్దన్న. దానితోనే నేను రెండవసారి మొదలుపెట్టాను.

కావలసిన వస్తువులు

కాబూలీ శనగలు 200 గ్రాములు (ఒక కప్పు నిండుగా), ఉల్లిపాయ పెద్దది ఒకటి, వెల్లుల్లి రేకలు నాలుగు, పచ్చిమిర్చి రెండు, కొత్తిమీర ఒక పెద్ద కట్ట, పుదీనా గుప్పెడు, దొరికితే ఉల్లికాడలు నాలుగు, వేయించి పొడిచేసిన జీలకర్ర ఒక చిన్న చెంచా, ధనియాల పొడి ఒకటిన్నర చిన్న చెంచా, మిరియాల పొడి అర చెంచా, ఇంగువ చిటికెడు, ఉప్పు ముప్పాతిక చెంచా, నువ్వులు ఒక పెద్ద చెంచా, శనగపిండి రెండు పెద్ద చెంచాలు, వంట సోడా పావు చెంచా, నిమ్మరసం ఒక చెంచా, నూనె రెండు పెద్ద చెంచాలు.

పార్స్లీ ఆకు కోసం వెదకవద్దు. మన కొత్తిమీర, పుదీనా చాలును. ఈ కొలతకు ఇరవై, ఇరవైరెండు చిన్న బిళ్ళలు వస్తాయి. అయిదుగురు ఉన్న ఇంటికి సాయంకాలం ఫలహారానికి సరిపోతుంది.

చేయు విధానం

ముందు రోజు రాత్రి శనగలు కడిగి, వాటికి నాలుగింతల నీళ్ళు పోసి నానవేయండి. పన్నెండు గంటలకు తక్కువ కాకూడదు. వేసవిలో నడుమ ఒకసారి నీళ్ళు మార్చండి, లేకపోతే పులుస్తాయి. నానిన శనగలు బరువులో రెండింతలు దాటుతాయి. గోటితో నొక్కితే రెండుగా విరిగి, నడుమ తెల్లని గట్టి చుక్క కనబడకూడదు. నానిన నీళ్ళు పారబోసి, మళ్ళీ కడిగి, చిల్లుల గిన్నెలో ఒక గంట వాడవేయండి. ఆ పైన పాత నూలు గుడ్డ మీద పరచి తడి ఒత్తండి. ఈ తడి ఒత్తడంలోనే సగం వంట ఉన్నది.

శనగలను ఉడికించకూడదు. రాజ్మా ఉడికించి తీరవలెనని ఇంత చెప్పి, శనగలు ఉడికించవద్దనడం విడ్డూరంగా ఉన్నదని మీకు తోచవచ్చును. కారణం ఇది. నానిన పచ్చి శనగలోని పిండి పదార్థం వేడి తగిలినప్పుడు తేమను పీల్చి ఉబ్బి, జిగురై, బిళ్ళను పట్టి ఉంచుతుంది. ముందే ఉడికితే ఆ జిగురు శక్తి అప్పుడే ఖర్చయిపోతుంది. ముద్ద మెత్తని గుజ్జవుతుంది, కాలినా లోపల హల్వావలె ఉంటుంది. మసాలా వడకు ఉడికిన శనగపప్పు ఎందుకు పనికిరాదో ఇది కూడా అందుకే.

మిక్సీలో ముందు ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఆకులు కచ్చాపచ్చాగా తిప్పి తీసి, నీరు ఊరితే పిండివేయండి. తరువాత శనగలను రెండు మూడు వాయిలుగా వేసి, ఆపి ఆపి తిప్పండి. నీళ్ళు ఒక్క చుక్క పోయవద్దు. బొంబాయి రవ్వకంటె కొంచెం మోటుగా ఉండి, గుప్పిట పట్టితే ముద్ద కావలెను. గింజ అట్లాగే మిగిలితే అక్కడ బిళ్ళ చీలుతుంది. మరీ మెత్తనైతే గట్టి పడుతుంది. రోలు ఉన్నవారు రోట్లో దంచితే ఇంకా మంచిది.

రెండూ కలిపి పొడులు, ఉప్పు, నువ్వులు, శనగపిండి, నిమ్మరసం, ఒక పెద్ద చెంచా నూనె వేసి బాగా కలిపి మూతపెట్టి అరగంట ఉంచండి. ఫ్రిజ్జులో పెడితే బిళ్ళలు విరగకుండా వస్తాయి. సోడా మాత్రం కాల్చేముందే కలపండి.

ఓవెనును 200 డిగ్రీల సెల్సియసుకు పెట్టి పది పదిహేను నిమిషాలు ముందుగా కాగనివ్వండి. ఇది మానవద్దు. చల్లని ఓవెనులో పెడితే బిళ్ళలు ఎండుతాయే గాని కాలవు. పళ్ళెం మీద బటర్ పేపరు పరచి నూనె రాయండి. ముద్దను పెద్ద నిమ్మకాయంత తీసుకొని, అర అంగుళం మందాన బిళ్ళ చేసి, ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మిగిలిన నూనె బ్రష్షుతో గాని, వేలితో గాని పైన అద్దండి. పదిహేను నిమిషాలు కాలిన తరువాత తిరగవేసి, ఇంకొక పన్నెండు, పదిహేను నిమిషాలు ఉంచండి. రెండు వైపులా ఎర్రగా రావలెను. ఒకటి విరిచి చూడండి. లోపల పచ్చివాసన లేకుండా, పొడిపొడిగా, వేడి పొగ రావలెను. అనుమానం ఉంటే ఇంకొక అయిదు నిమిషాలు పెట్టండి. ఒకసారి దెబ్బ తిన్నదాన్ని కనుక నేను మూడు బిళ్ళలు విరిచి చూస్తాను!

ఓవెను లేనివారు

మన ఇళ్ళలో చాలామందికి ఓవెను ఉండదు. ఆ లోటేమీ లేదు. గుంతపొంగణాల పెనం ఉన్నది గదా! కన్నడంవారు పడ్డు పెనం అంటారు. గుంతకు పావు చెంచా నూనె వేసి, వేడెక్కిన తరువాత గుండ్రని ఉండలు పెట్టి, మూతవేసి సన్నని సెగ మీద అయిదారు నిమిషాలు, తిప్పి మళ్ళీ అంత సేపు కాల్చండి. బయట కరకర ఓవెనుకంటె ఇందులోనే బాగా వస్తుందని మా ఇంట్లో అందరి తీర్పు. సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చి మిగులుతుంది. ఉండలు చిన్నవిగా ఉండవలెను. ఇరవైరెండు ఉండలకు నూనె దాదాపు రెండు పెద్ద చెంచాలు పడుతుంది కనుక ఈ పద్ధతికి ముద్దలో నూనె కలపనక్కరలేదు.

పొరపాట్లు, సవరణలు

బిళ్ళ విరిగిపోతూ ఉంటే ముద్ద తడిగానైనా ఉన్నది, మోటుగానైనా ఉన్నది. తడిగా ఉంటే ఇంకొక చెంచా శనగపిండి. మోటుగా ఉంటే ముద్దలో నాలుగో వంతు మళ్ళీ మిక్సీలో తిప్పి కలపండి. గొంతుకు అడ్డం పడేట్లు పొడిగా ఉంటే నూనె మరీ తగ్గించారు, లేదా ఎక్కువ సేపు కాల్చారు. నూనె బొత్తిగా వేయకుండా చేయాలని చూడవద్దు. నేను చేసి చూశాను, రంపపు పొట్టు తిన్నట్లు ఉన్నది. సబ్బు రుచి తగిలితే సోడా హెచ్చింది.

నంజుకోవడానికి

రెండు పెద్ద చెంచాల నువ్వులు దోరగా వేయించి, చిన్న వెల్లుల్లి రేక, ఉప్పు వేసి మెత్తగా నూరి, నిమ్మరసం, చల్లని నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పితే తెల్లగా, చిక్కగా వస్తుంది. అరబ్బులు తహీనా అనే ముద్దతో చేసేది ఇదే. నువ్వుల్లో దాదాపు సగం నూనె అని మరువవద్దు. వడలో నూనె తగ్గించి పచ్చడిలో పోసుకొంటే ఏమి లాభం? గుండె జబ్బువారికి ఒక చెంచా చాలును. పెరుగులో కీర ముక్కలు, పుదీనా కలిపినా చక్కగా కుదురుతుంది. నువ్వులు పడనివారు పచ్చడిలోనే గాక ముద్దలోను వాటిని మానవలెను. రొట్టె సంచి బదులు మెత్తని చపాతీలో చుట్టి ఉల్లి, టొమాటో ముక్కలు వేసి ఇస్తే పిల్లలకు బడి డబ్బాకు బాగుంటుంది.

ఇంత శ్రమ ఎందుకు?

గుమాస్తాను కనుక లెక్క వేసి చూశాను. వేయించిన ఫలాఫెల్ నూరు గ్రాములలో సుమారు 17, 18 గ్రాముల కొవ్వు ఉంటుందని ఆహార పట్టికలు చెబుతాయి. నా కొలతలో రెండు పెద్ద చెంచాల నూనె అంటే ఇరవైయేడు గ్రాములు, శనగలలోని సొంత కొవ్వు, పైన వేసిన నువ్వులు కలిపి మొత్తం నలభైరెండు, నలభైమూడు గ్రాములు. కాలిన తరువాత బిళ్ళలు అర కిలోకు కొంచెం అటూ ఇటూ తూగుతాయి. అంటే నూరు గ్రాములకు ఎనిమిది, తొమ్మిది గ్రాములు. సగానికి సగం తగ్గింది. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు కనుక ఇది చిన్న సంగతి కాదు. శనగలలో మాంసకృత్తులు నూటికి 19 పాళ్ళ దాకా ఉన్నవి, పీచు కూడా దండిగా ఉన్నది. అవి ఎక్కడికీ పోవు.

ఇంకొక లాభం ఉన్నది. మూకుడు పెట్టితే అర లీటరు నూనె పోయవలెను. మిగిలినది పారబోయడానికి మనసొప్పక మళ్ళీ మళ్ళీ కాచి వాడతాము. మాటిమాటికి కాగిన నూనె ఆరోగ్యానికి చెరుపు. అందుకే మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నుండి అంగళ్ళవారికి ఒక హద్దు పెట్టింది. కాగి కాగి నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు నూటికి 25 పాళ్ళు దాటితే ఆ నూనె వంటకు పనికిరాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన ఆహార సూత్రాలలో కూడా నూనె మితంగా వాడమని, కాచిన నూనెను తిరిగి కాచవద్దని చెప్పారు. ఆ సంస్థకు మన దక్షిణాదితో పాత బంధుత్వం ఉన్నది. 1918లో నీలగిరి కొండలపై కూనూరులో చిన్న పరిశోధన శాఖగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలింది.

అయితే మందుగా భావించి పది పదిహేను తినవద్దు. ఎన్ని చేసినా శనగ శనగే. ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది. రక్తపు పోటు ఉన్నవారు ఉప్పుతో పాటు సోడాను కూడా లెక్కలో వేసుకోవలెను, అందులోనూ సోడియమే ఉన్నది. సోడా మానివేసినా బిళ్ళ కొంచెం గట్టిగా వస్తుందే గాని చెడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పుదినుసులు ఎంత తినవచ్చునో తమ డాక్టరును అడుగవలెను.

రాజ్మాతోనే చేయాలనేవారికి

అరకప్పు రాజ్మా రాత్రంతా నానవేసి, నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో కుక్కరులో వేళ్ళ మధ్య నలిగేదాకా ఉడికించి, నీరు పూర్తిగా వాడ్చి చిదపండి. ఉడికిన బంగాళాదుంప ఒకటి, రెండు చెంచాల వేయించిన శనగపిండి, పైన చెప్పిన మసాలాలు కలిపి బిళ్ళలు చేసి అదే ఓవెనులో ఇరవై నిమిషాలు ఎర్రబడనివ్వండి. ఇందులో గింజ ముందే ఉడికింది కనుక భయం లేదు. ఇది ఫలాఫెల్ కంటె కట్లెట్టుకు దగ్గర. రుచి బాగుంటుంది, పిల్లలు ఇష్టపడతారు.

రెండవసారి శనగలతో చేసిననాడు అత్తగారి ముందు పళ్ళెం పెట్టడానికి నాకు చేయి ఆడలేదు. ఆమె ఒకటి తీసుకొని విరిచి, లోపల చూసి, వాసన చూసి, "ఈసారి ఏ గింజ?" అన్నారు. శనగలు అన్నాను. "అయితే సరే" అని రెండు తిన్నారు. తిని, "ఇది వడ కాదమ్మాయీ, వడలాంటిది" అన్నారు. ఆ మాట నిజమే. కాగిన నూనె చేసే పని ఓవెను చేయలేదు, చేస్తుందని నేను మీతో అబద్ధం చెప్పను. కాని నెలకు రెండు శనివారాలు మా ఇంట్లో ఇవి చేస్తున్నాము. పొయిన పండుగనాడు వడలు వడ్డించే పళ్ళెంలోనే ఒక పక్క ఇవీ పెట్టించాను. వడ్డన ఆమె విస్తరి దగ్గర ఆగింది.

మన సంఘం విందులలో కూడా నూనె మానవలసిన పెద్దలు పంక్తికి నలుగురైదుగురు ఉంటారు. వారి కోసం ఒక పళ్ళెం ఇవి చేసి పెట్టవచ్చునేమో కార్యకర్తలు ఆలోచించవలెను. చేసేవారికి నా మనవి ఒక్కటే. కొత్త వంట ఎవరు చెప్పినా, ఎక్కడ చదివినా, "బీన్సు" అన్నారా, "పప్పు" అన్నారా అని ఊరుకోక, అది ఏ గింజ, ఉడికించి రుబ్బవలెనా, పచ్చిగా రుబ్బవలెనా అని అడిగి తెలిసికొని ఆ తరువాతనే నానవేయండి.